మానైనా వంగుతుంది, జల్దీ చేయకపోతే



మన ఇళ్లలో యోగా మాట ఎత్తితే బహస్ ఎప్పుడూ ఒక్కచోటే తిరుగుతుంది. జాయిజా, కాదా? చాచా ఒకటంటారు, మామూ ఇంకొకటంటారు, ఈలోపు చాయ్ చల్లారిపోతుంది. చేసేవాళ్లు ఎలా చేస్తున్నారన్న సవాల్ మాత్రం ఎవరూ అడగరు. మొదటిదానికి జవాబ్ ఆలిమ్‌లు చెప్తారు. రెండోదానికి జవాబ్ తెలియక నేను పద్దెనిమిది రోజులు కుర్సీ మీద కూర్చుని నమాజ్ చదివాను. ఆ గలతీ మీ ఇంట్లో ఇంకెవరూ చేయకూడదనే ఇదంతా రాస్తున్నా.

నా ఉమ్ర్ నలభై నాలుగు. ఇరవై ఏళ్లుగా పేపర్లో డెస్క్ పని. సాయంత్రం నాలుగింటికి కూర్చుంటే సిటీ ఎడిషన్ వెళ్లేదాకా లేచేది చాయ్‌కీ నమాజ్‌కీ మాత్రమే. మెడ స్క్రీన్‌లోకి దూరి ఉంటుంది, భుజాలు లోపలికి ముడుచుకుంటాయి, వీపు గుంబద్‌లా తయారవుతుంది. ఒకసారి ఇంట్లో షాదీ ఫోటోలు చూస్తుంటే నా బేటీ అంది: "అబ్బా, ఇందులో మీకంటే దాదాయే సీదాగా నిలబడ్డారు." దాదాకి డెబ్బై ఆరు.

ఆ మాట గుచ్చుకుంది. వారం తిరక్కుండా ఒక యోగా క్యాంపులో చేరిపోయా. పదిహేను రోజుల క్యాంపు, నాలుగో రోజే చక్రాసనం. నేర్పే అబ్బాయి మంచివాడే, నీయత్‌లో ఖోట్ లేదు. "ఇంకొంచెం సార్, ఇంకొంచెం" అంటూ నడుము కింద చేయి పెట్టి పైకి లేపాడు. చుట్టూ చప్పట్లు. ఎవరో ఫోటో తీశారు. ఫోటో బాగానే వచ్చింది. మర్నాడు ఫజ్ర్‌కి లేవబోతే కమర్ పట్టేసింది. సజ్దాలోకి వెళ్లలేను, వెళ్తే లేవలేను. మసీదులో వెనక గోడవార కుర్సీలు ఉంటాయి కదా, అక్కడ కూర్చున్నా. మొదటి సఫ్‌లో మా అబ్బా ఆరామ్‌గా సజ్దా చేసి లేస్తున్నారు. నమాజ్ అయ్యాక వెనక్కి తిరిగి, కుర్సీలో ఉన్న నన్ను చూశారు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

తర్వాత వెళ్లింది ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి. ఆవిడ నన్ను బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ లేపమన్నారు. వెన్ను మీద ఒక్కో పూసనీ వేలితో తడిమి చూశారు. "మీ వీపు అసలు వంగట్లేదండీ. అడుగున రెండు పూసలే వంగుతున్నాయి. వీపంతా పంచుకోవాల్సిన పని ఆ రెండింటి మీద పడేశారు" అన్నారు.

ఈ ఒక్క మాట క్యాంపులో మొదటి రోజే ఎవరైనా చెప్పుంటే నాకు ఆ పద్దెనిమిది రోజులు ఉండేవి కావు. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

వెన్నెముకలో మెడకి 7 పూసలు, వీపుకి 12, నడుముకి 5. వీపు పూసలకి పక్కటెముకలు తగిలించి ఉంటాయి. పైగా వాటి వెనక ఉండే ముళ్లలాంటి భాగాలు పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. కాబట్టి అక్కడ వెనక్కి వంగే గుంజాయిష్ పుట్టుకతోనే తక్కువ. రోజూ పదేసి గంటలు వంగి కూర్చునేవాళ్లకి ఆ కాస్త కూడా మిగలదు. నడుము పూసలకి అలాంటి అడ్డు లేదు, సులువుగా వంగుతాయి. ఇంకో ముసీబత్ తుంటి దగ్గర ఉంది. ఎక్కువసేపు కూర్చునేవాళ్లకి తుంటి ముందు కండరాలు బిగుసుకుపోతాయి. వెనక్కి వంగబోతే అవి నడుముని ముందుకి లాగుతాయి. పైన వీపు బిగువు, కింద తుంటి బిగువు, మధ్యలో మెత్తగా దొరికేది నడుము. పాత చద్దర్ ఎక్కడ పలుచబడితే అక్కడే చినుగుతుంది.

కాబట్టి నా రాయ్ ముఖ్తసర్‌గా ఇది: వెనక్కి వంగడం మంచిదే, నలభై దాటినవాళ్లకి జరూరీ కూడా. మగర్ దాన్ని నెలల లెక్కన నేర్చుకోవాలి. ఎంత వంగామని చూసుకునే ముందు ఎక్కడ వంగుతున్నామో చూసుకోవాలి. పదిహేను రోజుల్లో చక్రాసనం, ముప్పై రోజుల్లో వీల్ అని చెప్పేవాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, మన కమర్ వాళ్ల చేతిలో పెట్టకూడదు.

ఇంత ఖత్రా ఉంటే అసలు వెనక్కి వంగడం దేనికని మా ఆపా అడిగింది. వాజిబీ సవాలే. ఆపా ఇంట్లో కుట్టు మిషన్ ఉంది. పొద్దున వంటింట్లో వంగి, మధ్యాహ్నం మిషన్ మీద వంగి, రాత్రి ఫోన్ మీద వంగుతుంది. ఆమెకే చెప్పా: ఆపా, రోజంతా నువ్వు చేసిన పనుల్లో ఒక్కసారి కూడా వెన్ను వెనక్కి వెళ్లలేదు చూడు. చీపురు, కత్తిపీట, దేగ్, బండి, కంప్యూటర్, అన్నీ ముందుకే. నమాజ్‌లోనూ రుకూ, సజ్దా ముందుకి వంగేవే. మగర్ రుకూ నుంచి లేచాక ఖౌమాలో పూర్తిగా నిటారుగా, ఇత్మినాన్‌తో నిలబడాలని చిన్నప్పుడు ఉస్తాద్ ఎన్నిసార్లు చెప్పలేదు? మనలో చాలామంది సగం లేచి, ఆ సగం నుంచే సజ్దాకి వెళ్లిపోతాం. సీదాగా నిలబడే ఆదత్ అక్కడే పోయింది.

వెనక్కి వంగడంలో ఫాయిదా ఉందని చెప్పడానికి రెండు సంగతులు. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు ఉండేవారు. 1956లో ఆయన దగ్గరికి నడుం నొప్పి కాలిలోకి పాకిన పేషెంటు వచ్చాడు. తలవైపు ఎత్తి ఉంచిన బల్ల మీద అతను పొరపాటున బోర్లా పడుకున్నాడు. అంటే నడుము వెనక్కి వంగి ఉంది. కొన్ని నిమిషాల తర్వాత చూస్తే కాలి నొప్పి తగ్గిపోయింది. అప్పటిదాకా నడుం నొప్పికి అలా పడుకోబెట్టడం తప్పనుకునేవాళ్లు. మెకెంజీ పద్ధతి అక్కడ మొదలైంది, ఈరోజు మన ఊళ్లలో ఫిజియోలు కూడా వాడుతున్నారు. అందరి నొప్పికీ అదే ఇలాజ్ అని మాత్రం అనుకోవద్దు. కొందరికి వెనక్కి వంగితేనే పెరుగుతుంది. ఎవరికి ఏది సరిపోతుందో చూసి చెప్పడమే వాళ్ల హునర్.

రెండోది మన అమ్మీల గురించి. ఎముకలు గుల్లబారిన 59 మంది పెద్ద వయసు ఆడవాళ్ల మీద అమెరికాలో సినాకి, మికెల్సన్ అనే ఇద్దరు చేసిన పరిశీలన 1984లో అచ్చయింది. వెన్నుని వెనక్కి లేపే కసరత్తులు చేసినవాళ్లలో 16 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. ముందుకి వంగే కసరత్తులు చేసినవాళ్లలో 89 శాతం మందికి. ఏ కసరత్తూ చేయనివాళ్లలో 67 శాతం మందికి. చిన్న పరిశీలనే, మగర్ తేడా చిన్నది కాదు. ఇక్కడ ఒక మాట: ఇది కసరత్తుగా పదేపదే వంగడం గురించి. ఇది చదివి ఎవరూ రుకూ మానేయకండి. అలాగే వాళ్లు చేయించింది చక్రాసనం కాదు, బోర్లా పడుకుని ఛాతీని కొద్దిగా లేపడం లాంటి చిన్న కదలికలు. ఫాయిదా అంతా ఆ కొద్దిలోనే ఉంది.

జల్ద్‌బాజీ వల్ల నష్టం ఎలా ఉంటుందో చూడాలంటే క్రికెట్ చూడండి. 2019 సెప్టెంబరులో జస్ప్రీత్ బుమ్రాకి నడుము కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చి దక్షిణాఫ్రికా టెస్టులకి దూరమయ్యాడు. ఫాస్ట్ బౌలర్లకీ, జిమ్నాస్ట్‌లకీ ఇది తరచుగా వచ్చే దెబ్బ. వెన్నుపూస వెనక భాగంలో సన్నటి ఎముక వంతెన ఒకటి ఉంటుంది. నడుము పదేపదే జోరుగా వెనక్కి విరిగితే, పక్కకి తిరిగితే, ఆ వంతెనకి బీటలు పడతాయి. ఎదిగే వయసు పిల్లల్లో ఆ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు.

ఇది నాకు ఇంట్లో విషయం అయింది. నా బేటీకి పన్నెండేళ్లు. 2015 నుంచి జూన్ 21న యోగా దివస్ జరుగుతోంది కదా, స్కూల్లో దాని ప్రోగ్రాం కోసం ఒళ్లు బాగా వంగే పిల్లల్ని ఎంపిక చేశారు. ఈమె కూడా ఉంది. రెండు వారాల ప్రాక్టీసులో నిలబడి వెనక్కి పడుతూ చేతులు నేలకి ఆనించాలి. ఇంటికొచ్చి చాప మీద చేసి చూపించింది. ఇంట్లో అందరూ మాషా అల్లాహ్ అన్నారు. నేను పక్కనుంచి చూశా. వీపు చెక్కలా సీదాగా ఉంది, నడుము దగ్గర ఒక్కచోట మడత పడింది. క్యాంపు ఫోటోలో నాకు పడిన మడతే. "దర్ద్ ఉందా బేటా?" అంటే, "కొంచెం. మిస్ అందరికీ ఉంటుందన్నారు" అంది. మర్నాడు వెళ్లి టీచర్‌తో మాట్లాడా. లడాయి ఏం లేదు. ఆమె కూడా పాపం ఎవరో ఇచ్చిన ఐటమ్ లిస్టు ప్రకారం చేయిస్తోంది. భుజంగాసనం, సేతుబంధాసనం చాలని ఒప్పుకుంది. బేటీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఖైర్, పర్వాలేదు. ఒళ్లు సులువుగా వంగే పిల్లల్ని చూసి మనం ఖుష్ అవుతాం. వాళ్లకే ఎహ్తియాత్ ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆపమని చెప్పే బిగువు వాళ్ల ఒంట్లో ఉండదు.

మరి ఎలా నేర్చుకోవాలి? నాకు దారి దొరికింది యోగా పుస్తకంలో కాదు, మా తమ్ముడి బచ్పన్‌లో. వాడు హాఫిజ్. హిఫ్జ్ చేసేటప్పుడు రోజూ మూడు భాగాలుండేవి. సబఖ్ అంటే ఆరోజు కొత్త పాఠం, కొన్ని లైన్లే. సబ్ఖీ అంటే ఈమధ్య చదివినవి. మంజిల్ అంటే ఎప్పుడో పూర్తయిన పారాలు తిరిగి వినిపించడం. సబ్ఖీ కచ్చాగా ఉంటే ఉస్తాద్ ఆరోజు సబఖ్ ఇచ్చేవారు కాదు. వాడు ఏడ్చినా ఇచ్చేవారు కాదు. ఏళ్లు పట్టింది, మగర్ ఈరోజు తరావీహ్‌లో వాడు నిలబడితే తడబడడు. ఫిజియో నాకు ఇచ్చిన కసరత్తుల్నీ, పార్కులో ఒక రిటైర్డ్ పీఈటీ మాస్టారు నేర్పిన ఆసనాల్నీ నేను ఈ లెక్కలోనే పెట్టుకున్నా. వారానికి నాలుగు రోజులు, రోజుకి పాతిక నిమిషాలు. కొత్తది ఒకే ఒక్కటి.

మొదటి రెండు నెలలు నాలుగే పనులు. ఒకటి, పాత దుప్పటిని గట్టిగా చుట్టి వీపు రెక్కల కింద అడ్డంగా పెట్టుకుని, తల కింద తకియా పెట్టి, మోకాళ్లు మడిచి వెల్లకిలా రెండు మూడు నిమిషాలు పడుకోవడం. దుప్పటి నడుము కింద పెట్టకూడదు, పైవీపు కిందే పెట్టాలి. రెండు, బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపి నాలుగైదు శ్వాసలు ఉండడం. మూడు, ఒక మోకాలు నేల మీద, రెండో పాదం ముందు పెట్టి తుంటి ముందు భాగాన్ని సాగదీయడం. ఇక్కడ నడుము విరవకుండా పిరుదులు బిగించి ఉంచాలి. నాలుగు, సేతుబంధాసనం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకి నొక్కి నడుము భాగాన్ని పైకి లేపడం. పని చేయాల్సింది పిరుదులు, లేపేది వాటి బలంతోనే. ఇవన్నీ చూడటానికి ఏమీ లేనట్టే ఉంటాయి. రెండు నెలల తర్వాత ఇవే నా మంజిల్ అయ్యాయి. ఈరోజుకీ వీటితోనే మొదలుపెడతా.

మూడో నెల నుంచి భుజంగాసనం, శలభాసనం. భుజంగాసనంలో మనం చేసే గలతీ చేతులతో తోసి నిలువెత్తు లేవడం. మాస్టారు ఒక పరీక్ష చెప్పారు. లేచాక అరచేతులు నేల నుంచి ఒక అంగుళం ఎత్తి చూడు. చేతులు తీసినా ఛాతీ ఎంత ఎత్తులో నిలుస్తుందో అదే నీ సొంత ఎత్తు. మిగతాదంతా ఉధార్. నాది మొదట్లో నాలుగు వేళ్ల ఎత్తే. శర్మ్ వేసింది. మగర్ ఆ నాలుగు వేళ్లలో నొప్పి లేదు. శలభాసనంలో కూడా కాళ్లు ఎంత పైకి లేచాయని కాకుండా, ఎంత దూరం సాగాయని చూడమనేవారు. కాలిని వెనక్కి సాగదీస్తూ లేపితే నడుము నొక్కుకుపోదు.

ఆరో నెలలో ఉష్ట్రాసనం. గోడ ముందు మోకాళ్ల మీద నిలబడి, తొడలు గోడకి ఆనించి, చేతులు నడుము మీద పెట్టుకుని, ముందు ఛాతీని పైకి లేపాలి. పైకి లేపడం అయ్యాకే వెనక్కి. మడమలు అందుకోవాలన్న జిద్ వద్దు. వెనక ఒక కుర్చీ పెట్టుకుని దాన్ని పట్టుకుంటే చాలు. కుర్చీలూ గోడలూ తాళ్లూ వాడటం తక్కువతనం అనుకోకండి. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ లాంటి పెద్ద ఉస్తాద్ అవన్నీ వాడే నేర్పారు. 1966లో వచ్చిన ఆయన పుస్తకం 'లైట్ ఆన్ యోగా'లో ఏ ఆసనం ఎంత కఠినమో ఆసనం ఆసనానికీ ఒక నంబర్ ఇచ్చారు. మెట్లు ఉన్నాయని ఆయనే చెప్తుంటే, మనం మెట్లు వదిలేసి మేడ మీదికి దూకుతున్నాం.

ధనురాసనం నాకు పదో నెలలో వచ్చింది. చక్రాసనం ఇంకా రాలేదు. దానికి వీపొక్కటే చాలదు, భుజాలు పూర్తిగా పైకి తెరుచుకోవాలి, మణికట్లు బరువు మోయాలి. నా భుజాలు ఇంకా అక్కడికి రాలేదు. వస్తే చేస్తా. రాకపోతే ఖయామత్ రోజు దీని హిసాబ్ ఎవరూ అడగరు.

దర్ద్ గురించి కూడా చెప్పాలి. నొప్పి పడితేనే ఫాయిదా అని మన మనసులో గట్టిగా కూర్చుంది. వెనక్కి వంగేటప్పుడు పొట్ట ముందు, తొడల ముందు, ఛాతీలో విశాలంగా సాగినట్టు అనిపించడం సహీ. నడుములో ఒక్క బిందువు దగ్గర సూదిలా గుచ్చడం, నొక్కేసినట్టు ఉండడం గలత్. కాలిలోకి కరెంటులా పాకితే అక్కడే ఆపేయాలి. శ్వాస బిగబట్టాల్సి వస్తే హద్దు దాటినట్టే, కాస్త వెనక్కి తగ్గాలి. మర్నాటికి కూడా నొప్పి మిగిలి ఉంటే కిందటిరోజు ఎక్కువ చేశామని లెక్క. తర్వాతిసారి సగమే చేయాలి. అయిపోయాక వెంటనే లేచి కూర్చుని కాళ్ల వేళ్లు పట్టుకోవడం కూడా మంచిది కాదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి ఒక నిమిషం ఆగి, తర్వాత మోకాళ్లని నెమ్మదిగా ఛాతీ దగ్గరికి తెచ్చుకోవాలి.

వక్త్ సంగతి. ఫజ్ర్ అయిన వెంటనే చాలామంది మొదలుపెడతారు. రాత్రంతా పడుకున్నప్పుడు పూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, పొద్దున్నే ఒళ్లు బిగుసుగా ఉంటుంది. కాబట్టి ముందు ఓ పావుగంట నడవండి. అస్ర్ తర్వాతైతే ఒళ్లు ఇంకా సులువుగా వంగుతుంది. రమజాన్‌లో రోజా ఉన్నప్పుడు కొత్త సబఖ్ వద్దు, మంజిల్ మాత్రం చాలు.

కొందరు ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకూడదు. పూస జారిందని డాక్టర్ చెప్పినవాళ్లు, కొంచెం దూరం నడిస్తే కాళ్లు లాగి ముందుకి వంగితే గాని హాయి అనిపించని పెద్దవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. బీపీ అదుపులో లేనివాళ్లూ, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్లూ చక్రాసనంలా తల కిందికి వేలాడే ఆసనాలు వదిలేయాలి. జ్వరంతో, కారణం లేకుండా బరువు తగ్గుతూ, లేదా కింద పడ్డాక వచ్చిన నడుం నొప్పికి యోగా ఇలాజ్ కాదు. నడుం నొప్పితో పాటు కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా అదేరోజు హాస్పిటల్‌కి పరుగెత్తాలి. ఈ చివరిమాట శర్మ్ వల్ల మన ఇళ్లలో ఆడవాళ్లు చెప్పరు. మీరే అడగండి.

మొదటి బహస్ గురించి కూడా రెండు మాటలు చెప్పకపోతే బాకీ మిగులుతుంది. నేను ముఫ్తీని కాను. మంత్రాలు, సూర్య నమస్కారాలు నేను చేయను, నన్ను చేయమని ఆ మాస్టారూ అనలేదు. 2009లో ఇండోనేషియా ఉలేమా కౌన్సిల్ మంత్రాలతో కలిసిన యోగా వద్దంది, కేవలం కసరత్తుగా చేస్తే అభ్యంతరం లేదంది. 2017లో సౌదీ అరేబియా దాన్ని స్పోర్ట్‌గా ఒప్పుకుంది. మీ ఇంటి మసలా మీ ఆలిమ్‌ని అడగండి. అయితే ఇది మనకి అజ్నబీ ఇల్మ్ అని మాత్రం అనుకోకండి. పదకొండో శతాబ్దంలోనే అల్ బీరూనీ పతంజలి గ్రంథాన్ని అరబీలోకి తెచ్చారు. గ్వాలియర్ సూఫీ ముహమ్మద్ గౌస్ పదహారో శతాబ్దంలో యోగ సాధన మీద ఫారసీలో 'బహ్రుల్ హయాత్' రాశారు. సలీం షెహజాదా, అంటే తర్వాతి జహంగీర్ కోసం 1600 ప్రాంతంలో దానికి బొమ్మలు వేయించిన ప్రతి ఒకటి ఈరోజు డబ్లిన్‌లో చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ సంగతి స్కూల్లో ఎవరూ చెప్పలేదు, తెలుగు డిగ్రీలోనూ చెప్పలేదు.

మన ఆడవాళ్లకి ఇంకో మాట. పార్కుకి వెళ్లలేకపోతే ఫర్క్ ఏమీ లేదు. తలుపు వేసుకున్న గది, ఒక చాప, ఒక దుప్పటి, ఒక గోడ, ఒక కుర్చీ. మొదటి ఆర్నెల్ల సామాను ఇంతే. మా ఆపా మిషన్ పక్కనే దుప్పటి చుట్టి పెట్టుకుంది. రెండు బ్లౌజులకి ఒకసారి దాని మీద వాలుతోంది. అమ్మీకి డాక్టర్‌ని అడిగి, మంచం మీదే బోర్లా పడుకుని ఛాతీ రెండు వేళ్ల ఎత్తు లేపడం ఒక్కటే నేర్పించాం. పది సార్లు. అమ్మీ దాన్ని తస్బీహ్ మీద లెక్కపెడుతుంది.

నేను మొదలుపెట్టినప్పుడు ఒక దోస్త్ నవ్వాడు. "మొక్కై వంగనిది మానై వంగునా భాయ్" అన్నాడు. డిగ్రీలో తెలుగు చదివినవాణ్ని, ఆ సామెత నాకూ తెలుసు. మగర్ నా తజుర్బా వేరే. మాను వంగుతుంది. దాన్ని తాడు కట్టి ఒక్కరోజులో గుంజితే విరుగుతుంది. పదేళ్లకి విరగకుండా నిలవాలంటే ఈరోజు నాలుగు వేళ్ల ఎత్తు చాలు.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. పోయిన ఈద్‌కి మళ్లీ ఫ్యామిలీ ఫోటో దిగాం. బేటీ ఫోన్‌లో పెద్దది చేసి చూసింది. "దాదా ఇంకా మీకంటే సీదాగానే ఉన్నారు అబ్బా" అంది. కాసేపాగి, "కానీ తేడా తగ్గింది" అంది.

అబ్బా పక్కనే ఉన్నారు. ఈసారి కూడా ఏమీ అనలేదు, నవ్వారు. ఆ సాయంత్రం మగ్రిబ్‌కి మొదటి సఫ్‌లో ఆయన పక్కనే నిలబడ్డా.

దుఆల్లో యాద్ ఉంచుకోండి. కమర్ జాగ్రత్త.